వృత్తి గడిలో మా ఇంటిపేరు

బిషాన్‌లో మా ఎదుటి ఫ్లాట్ తలుపు మీద ఇత్తడి పలక ఒకటి మెరుస్తుంటుంది. దాని మీద ‘కొవాల్చిక్’ అని చెక్కి ఉంటుంది. ఆయనది పోలండు, సైన్స్ పార్కులో కంప్యూటర్ల ఉద్యోగం. లిఫ్టు దగ్గర ఆ పేరుకి అర్థం అడిగితే, “కొవాల్ అంటే కమ్మరి, అంకుల్. తోక తగిలిస్తే కమ్మరి కొడుకు” అన్నాడు నవ్వుతూ. ఆరో తరగతితో బడి మానేసి మిగతా చదువంతా లైబ్రరీ బల్లల దగ్గర సొంతంగా చదువుకున్నవాణ్ణి, విన్న మాటని ఊరికే వదలను. వెళ్లి పుస్తకాలు తిరగేశాను. నిజమే. ఏ కాలంలోనో కొలిమి ముందు చెమటోడ్చిన ముత్తాత పనే వాళ్లకి పేరై నిలిచిందట. ఇనుము కాల్చి ఎరగని ఆ మెత్తటి చేతులవాడు కమ్మరి కొడుకట! నాకు ఒళ్లు మండిపోయింది. అసలు కమ్మరి కొడుకుని నేను.

తంజోంగ్ పగార్ రేవు పక్క రేకుల ఇళ్లలో పుట్టాను. ఓడెక్కి ఈ దేశం వచ్చిన మా అయ్య ఓడల మరమ్మతుల షెడ్డులో గొలుసులు, కొక్కేలు సాగగొట్టేవాడు. డిసెంబరు వానల్లో, ఎర్రగా కాలిన ఇనుము నీళ్లలో మునిగినప్పుడు లేచే ఆవిరీ, బొగ్గుపొడి కలిసిన అయ్య చెమటా, మేం మకిక్ అని పిలిచే పక్కింటి మలాయి పిన్ని వేయించే రొయ్యల ముద్ద ఘాటూ కలిసి ఒకే వాసనై మా గుడ్డలకి పట్టి ఉండేవి. దసరా ఒక్కరోజే కొలిమి ఆరేది. అయ్య సమ్మెటకి పసుపు రాసి బొట్టు పెడితే, అమ్మ బొరుగుల్లో బెల్లం, కొబ్బరి ముక్కలు కలిపి మాకంటే ముందు దానికి పెట్టేది. ఆ సమ్మెటే మా ఇంటిపేరు. తమిళంలోనూ దాన్ని సమ్మట్టి అనే అంటారు కనక, గోళీల్లో నేను గెలిచినప్పుడల్లా పిల్లలు “డేయ్, సమ్మట్టి తలైయా!” అని, ఒరే సమ్మెట బుర్రా అని, గోల చేసేవారు.

బడిలో చేర్చిన రోజు అయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని గుమాస్తా ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. “మేం సమ్మెటోలం బాబూ. ఇంటిపేరు ముందల రాయండి.”

తెలుగు రాని ఆ తమిళ గుమాస్తా నా వైపు చూశాడు. వెనక వరుసలో ఆ గోళీల పిల్లలే ఉన్నారు.

“అది మా నాన్న పని సార్, పేరు కాదు” అన్నాను తమిళంలో.

ఆయన తలూపి, తండ్రి వృత్తి అన్న గడిలో కమ్మరం అని రాసుకున్నాడు. పేరు గడిలో పడింది ‘అప్పన్న సన్ ఆఫ్ సూరయ్య’.

“ఏటన్నాడ్రా?”

“రాసేశాడయ్యా.”

అయ్య మురిసిపోయి, దారి పొడుగునా కనబడినవాళ్లందరికీ చెప్పాడు. ఆ తర్వాత నా కాగితాలన్నీ ఆ కాగితం చూసి రాసినవే. పోలండులో వాళ్ల పని పేరైంది. నా నోటితో మా పేరు పనైపోయింది.

పోయిన వారం మా మనవరాలు అనితకి కొడుకు పుట్టాడు. పేరు నమోదు చేయబోతుంటే సమ్మెట చేర్చమన్నాను, గొంతు పెంచే అన్నాను.

“అయ్యో తాతా, ఇప్పుడెందుకు లా?” అంది, ఇక్కడి పిల్లలందరిలాగే మాట చివర ‘లా’ తగిలించి.

గుమాస్తా సంగతి చెప్పాను. అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అనిత ఫోను తీసింది.

“ఓకే లా. స్పెల్లింగ్ చెప్పు. ఒక ఎమ్మా, రెండా?”

ఎవర్నడగను? రేకుల ఇళ్లు లేవు, షెడ్డు లేదు, అక్కడ గాజు మేడలు లేచాయి. ఆ పేరు నిండుగా పలికినవాళ్లెవరూ మిగల్లేదు. మా పేరుని ఈ దేశంలో ఇంగ్లీషులో ఒక్కరూ రాసి ఉండలేదు. ఎదుటి ఫ్లాటాయన పేరు ఎవరైనా తప్పు రాస్తే తడుముకోకుండా ఒక్కో అక్షరం చెప్పి దిద్దిస్తాడు, ఎన్నోసార్లు విన్నాను.

“రెండు పెట్టమ్మా” అన్నాను, తెలిసినవాడిలా.