పక్క గేటు తెరవమని మైకులో అడిగాను

సహోదరులారా, సహోదరీలారా, నా పేరు సునీత, మొయినాబాదు దాటి చేవెళ్ల వైపు వచ్చే రోడ్డు మీద మూడు గదుల హోమ్‌స్టే నడుపుకుంటున్నాను, మీరందరూ ఇప్పుడు కూర్చున్నది నా వాకిట్లోనే. ఈ మైకు సౌండు కొంచెం పెంచమని నేనే చెప్పాను, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

నెమ్మది అన్న మాటే మరిచిపోయిన రోజులున్నాయి నాకు! రోడ్డు మీద కారు చప్పుడైతే చాలు, చేతిలో ఉన్న పని వదిలేసి గేటు దగ్గరికి ఉరికేదాన్ని, కారు ఆగకుండా పోతే మళ్ళీ లోపలికి వచ్చి ఫోను చూసుకునేదాన్ని, ఫోనులో ఏమీ లేకపోతే ఎవరూ పడుకోని దుప్పట్లను మళ్ళీ దులిపి పరిచేదాన్ని. కూర్చుంటే గుండె దడ, పడుకుంటే నిద్ర రాదు. చేవెళ్ల దవాఖానలో చూపించుకుంటే "గుండెకు ఏం కాలేదమ్మా, జర ఫికర్ తగ్గించుకో" అన్నాడు డాక్టరు. ఫికర్ తగ్గే మాత్ర మాత్రం రాయలేదు!

ఎందుకింత ఫికర్ అంటారా? మా ఆయన రత్నం ఏళ్ల తరబడి కారు డ్రైవరుగా పనిచేసి ఈ ఇల్లు కట్టాడు. ఊరి గాలి కోసం సిటీ నుంచి వచ్చేవాళ్ళు, చందనవెల్లి కంపెనీల పని మీద వచ్చే ఇంజనీర్లు ఉంటారు కదా, వాళ్ళకు పడుకోవడానికి గది, పొద్దున్నే వేడి టిఫిన్ పెడదామని ఇద్దరం కలిసి అనుకున్నాం. కిటికీలకు పరదాలు నేనే కుట్టాను. కానీ మాకు నాలుగడుగులు అవతలే మామిడితోట రిసార్టు ఉన్నది, దాంట్లో ఈతకొలను, రంగురంగుల లైట్లు. కనకమామిడి వైపు ఇంకో పెద్ద ఫామ్‌హౌస్. వచ్చిన ప్రతి కారూ మా బోర్డు దాటి అటే పోయేది.

మా ఆయన ఓపిక గల మనిషి. ఆ ఓపిక కూడా ఒకరోజు అయిపోయింది.

"గిట్లైతే నడువది సునీతా. చందనవెల్లి కంపెనోళ్లు సామాను పెట్టుకునేటందుకు ఇల్లు కిరాయికి అడుగుతున్నరు. క్రిస్మస్ దాక జూద్దాం. అప్పటికి గూడ గదులు నిండకపోతే ఇచ్చేద్దాం, మనం సిటీల ఏదన్న చిన్నింట్ల ఉందాం" అన్నాడు.

నేను కుట్టిన పరదాల వెనక అట్టపెట్టెలు పేర్చుకుంటారని తలచుకుంటే నాకు అన్నం సహించేది కాదు సహోదరులారా.

అంతకు కొన్ని నెలల ముందు ఇదే వాకిట్లో గృహకూడిక పెట్టుకున్నాం. ఎక్కడి నుంచో ఒక దైవజనుడు వచ్చాడు, మంచి గొంతు, మైకు పట్టుకుంటే వదిలే రకం కాదు. "ఈ బిడ్డకు అడ్డుగా ఉన్న ప్రతి తలుపును మూసివేయుము తండ్రీ! ఈ దారిలో అడ్డుపడుతున్న ప్రతి ద్వారమునకు తాళము వేయుము ప్రభువా!" అని రెండు చేతులూ ఎత్తి ప్రార్థించాడు. అందరం ఆమేన్ అన్నాం. ప్రార్థనకు ఆమేన్ అనకుండా ఎవరుంటారు?

ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసా? మామిడితోట రిసార్టు నిజంగానే మూతబడింది! భాగస్తులకు పడక గేటుకు తాళం వేసుకున్నారు. ఆ వెనకే కనకమామిడి ఫామ్‌హౌస్‌ను దాని యజమాని అమ్ముకుని పోయాడు. సంఘంలో వాళ్ళు నా చేతులు పట్టుకుని "ఇంకేం సునీతా, నీ పంట పండింది, ఇక వాళ్ళందరూ నీ ఇంటికే వస్తారు" అన్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. బోర్డుకు లైటు పెట్టించాను, మలుపు దగ్గర బాణం గుర్తు వేయించాను, గదుల ఫోటోలు తీయించి ఇంటర్నెట్‌లో పెట్టించాను, పెళ్ళిళ్ళ హాళ్ళకు వెళ్ళి మేనేజర్లను బతిమాలి వచ్చాను. మా ఆయన రిసార్టుకు ఎదురుగా నిలబడి వచ్చిన కార్ల వాళ్ళకు కాగితాలు పంచాడు.

ఒక్కరూ రాలేదు! మూతబడిన సంగతి తెలియని కార్లు రిసార్టు గేటు దాకా పోయేవి, అక్కడ కాసేపు ఆగేవి, వెనక్కి తిరిగి మా గేటు ముందు నుంచే సిటీ వైపు దూసుకుపోయేవి. చూస్తూ నిలబడేదాన్ని. పోటీ ఉన్నప్పుడు ఖాళీ గదులకు ఒక కారణమైనా ఉండేది, ఇప్పుడు అదీ లేదు. తలుపులన్నీ మూసి నా తలుపు కూడా ఎందుకు తెరవలేదు ప్రభువా అని దేవుని మీదే అలిగాను.

ఒక శనివారం పొద్దున పసిపిల్లను ఎత్తుకుని ఒక జంట మా గేటు తట్టారు. "రిసార్ట్ దగ్గర అడిగితే ఈ చుట్టుపక్కల ఎక్కడా రూమ్స్ లేవన్నారండీ, పాపకు పాలు వేడి చేసుకోవాలి, మీ బోర్డు చూసి ఆగాం" అన్నారు. పాలు వేడి చేసిచ్చి, వాళ్ళను గదిలో కూర్చోబెట్టి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా రిసార్టు గేటు దగ్గరికి పోయాను.

అక్కడ రేకుల నీడన ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకరు వాచ్‌మన్ నర్సింలన్న, ఇంకొకరు రిసార్టులో వంట చేసిన యాదమ్మక్క. మళ్ళీ ఎప్పుడైనా తెరుస్తారేమోనని ఇద్దరూ రోజూ వచ్చి కాపలా కాస్తున్నారు.

"ఏందన్నా, గదులు ఎక్కడ లేవని చెప్తున్నవట? మా ఇల్లు కనబడ్తలేదా?" అని అరిచాను.

నర్సింలన్న కంటే ముందు యాదమ్మక్క లేచింది.

"కనబడ్తది చెల్లె, ఇనబడ్తది గూడ. మైకు పెట్టి, అడ్డమున్న తలుపులు మూయమని మీ ఇంట్ల మొక్కలేదా? మేం ఈడ కూసొని అంత ఇన్నం. మీ దేవుడు గూడ ఇన్నడు, మా గేటు మూసిండు. నాకు పని లేకపాయె, ఈయనకు జీతం లేకపాయె. ఇగ వచ్చినోళ్లను మా చేతులతోనే మీ ఇంటికి తోలమంటవా?"

ఆ ప్రార్థన పైకి పోయిందనే అనుకున్నాను గానీ గోడ అవతలికి కూడా పోయిందని తోచనే లేదు.

ఇంటికి వచ్చి వంటింట్లో నిలబడే ప్రార్థించాను, ప్రార్థన కాదు, కొట్లాటే! "ప్రభువా, భాగస్తులు గొడవపడితే అది మూతబడింది, నేను చేసిందేముంది? నా ఇల్లు నిలబెట్టమన్నాను గానీ యాదమ్మక్క పొయ్యి ఆర్పమన్నానా? నువ్వైనా వాళ్ళకు చెప్పు తండ్రీ!" అన్నాను. ఎంత వాదించినా గుండె దడ తగ్గలేదు. ఆ గేటు తెరువు అని అడిగితే సరిపోతుందని నాకు లోపల తెలుస్తూనే ఉంది, కానీ అడగలేదు. అది తెరిస్తే నా ఇల్లు అట్టపెట్టెల పాలే కదా! కూరగాయలు తరుగుతుంటే అదే ఆలోచన, బట్టలు ఆరేస్తుంటే అదే ఆలోచన, సంఘంలో పాటలు పాడుతుంటే కూడా అదే.

మళ్ళీ మా ఇంట్లో కూడిక వంతు వచ్చింది. సాయంత్రం, ఇదే వాకిలి, ఇదే మైకు. చివరి ప్రార్థన నన్ను చేయమన్నారు. లేచాను, మైకు పట్టుకున్నాను, ఆ రిసార్టు వైపు తిరిగి నోరు తెరిచాను. "తండ్రీ, ఆ గేటు తెరువు. యాదమ్మక్కకు పని ఇయ్యి. నర్సింలన్నకు జీతం ఇయ్యి. నా ఇంటి సంగతి నీకే వదిలేస్తున్నాను, యేసు నామంలో అడుగుతున్నాను తండ్రీ!" అని గట్టిగా ఏడ్చాను. సగం మంది ఆమేన్ అన్నారు, సగం మంది మా ఆయన ముఖం చూశారు.

"మన దుకాణం బందు చేయమని నువ్వే మొక్కినవా?" అన్నాడు మా ఆయన, అందరూ వెళ్ళాక. కోపం లేదు గానీ నవ్వూ లేదు. నాకు మాత్రం గుండె మీది బరువు దిగినట్టు అనిపించింది. ఆ రోజు దడ లేకుండా నిద్రపోయాను, స్తోత్రం!

తెల్లవారాక చూస్తే యాదమ్మక్క మా గేటు దగ్గర నిలబడి ఉంది. "ఇన్నం చెల్లె" అన్నది, అంతే. వంటింట్లోకి వచ్చి నా ఉప్మా గిన్నె మూత తీసి చూసింది. "వచ్చినోళ్లకు గిదేనా పెడుతున్నవ్? అందుకే ఎవ్వరు వస్తలేరు" అని నన్ను పక్కకు జరిపి బియ్యప్పిండి తీసి సర్వపిండి తట్టింది. రిసార్టుకు ఏటేటా వచ్చే కుటుంబాలు ఈతకొలను కోసం కాదు, ఆ సర్వపిండి కోసం వచ్చేవట! "అవ్వా, ఎక్కడున్నవ్?" అని వాళ్ళు ఫోన్లు చేస్తుంటే ఆమె ఇక మా ఇంటి గుర్తు చెప్పడం మొదలుపెట్టింది. మూసిన గేటు దగ్గర నర్సింలన్న కార్లను ఆపి "వెనుకకు తిరుగుర్రి, లైటు బోర్డు ఉన్న ఇల్లు, మా యాదమ్మ ఆడనే ఉన్నది" అని పంపించాడు. క్రిస్మస్ నాటికి మూడు గదులూ నిండి, మేమిద్దరం వసారాలో పడుకున్నాం! కంపెనీవాళ్ళు మళ్ళీ అడిగితే ఇల్లు ఇచ్చేది లేదని మా ఆయనే చెప్పేశాడు.

ఇక్కడితో ఆపితే బాగుండును కదా? కానీ దేవుడు ప్రార్థనలో సగం వినేవాడు కాదు. పోయిన నెల రిసార్టు గేటుకు రంగు వేస్తుంటే చూశాను. కొత్తవాళ్ళు తీసుకుని తెరుస్తున్నారని తెలిసింది. యాదమ్మక్క వచ్చి పొయ్యి దగ్గర నిలబడింది.

"రమ్మంటున్నరు చెల్లె, నా కోడలికి గూడ పనిస్తరట. నువ్వే మొక్కినవ్, ఇగ నువ్వే తోలాలె."

దడ వస్తుందేమోనని గుండె మీద చేయి పెట్టుకున్నాను సహోదరులారా. రాలేదు! ఆమెను రిసార్టు గేటు దాకా నేనే తోలి వచ్చాను. ఈ వారం నా గదుల్లో ఒక్కటే నిండింది, అది కూడా అక్కడ నిండిపోయాయని నర్సింలన్న పంపినవాళ్ళే. వచ్చే వారం ఏమవుతుందో నాకు తెలియదు, కారు చప్పుడైతే ఇప్పటికీ చెవి అటు పోతుంది, కానీ కాళ్ళు ఉరకడం లేదు.

మీలో ఎవరికైనా నాలాగా నెమ్మది లేకపోతే, ఏ గేటు మూతబడితే మీకు బాగుండునని అనుకుంటున్నారో దాని లోపల ఉన్నవాళ్ళను పేరు పెట్టి ఆయనకు అప్పగించండి, ఆయనను నమ్మండి, నన్ను విడిపించిన దేవుడు మిమ్మల్ని విడిచిపెట్టడు.

మైకు సౌండు ఎందుకు పెంచమన్నానో ఇప్పుడు తెలిసింది కదా? గోడ అవతల వంటింటి దాకా ఇది వినబడుతుంది. యాదమ్మక్కా, ఇవాళ పొద్దున సర్వపిండి నేనే చేసిన, అంచులు మాడినయ్ గానీ ఒక్కటి మిగల్లేదు. దేవునికే మహిమ, ఆమేన్!