ముప్పై రెండో గీత

పోయిన ఆషాఢంలో రెండో మంగళవారం, పొద్దున పదీ ఇరవైకి మొదలైంది. నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. దయ్యాలు లేవని పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

సిద్దిపేటలో పాత కచేరీ ఆఫీసు భవనాన్ని మ్యూజియం చేస్తున్నారు. యాభై ఏళ్ల కింద అందులో ఆరేళ్లు ఆడపిల్లల బడి నడిచింది. నేను అక్కడ టీచర్ని. ఏ గదిలో ఏముండేదో చెప్పమని పిలిచారు.

అప్పట్లో ఏటా ఎండాకాలం గోడలకు సున్నం వేసేవాళ్లు. బడి తెరవగానే పిల్లల్ని గోడకు ఆనించి నిలబెట్టి, ఎత్తు కొలిచి, పెన్సిలుతో గీత గీసి పేరు రాసేదాన్ని. అవే కొలతలు నా పుస్తకంలోనూ రాసుకునేదాన్ని. మరుసటేడు కొత్త సున్నం కింద ఆ గీతలు కప్పబడిపోయేవి.

మేస్త్రీ సాయిలు పైనున్న నీలం రంగు గోకుతుంటే, బడి చివరి ఏడాది గీతలు బయటపడ్డాయి. లెక్కపెట్టాను. ముప్పై రెండు. ఇంటి నుంచి పుస్తకం తెప్పించి చూశాను. ముప్పై ఒకటి. మళ్లీ లెక్కపెట్టాను.

“గోడకు గూడ హాజరు తీస్తున్నవా టీచరమ్మా?” అని సాయిలు నవ్వాడు.

ఎక్కువున్న పేరు నర్సవ్వ. నూట ముప్పై ఒక్క సెంటీమీటర్లు. రాత నాదే. నర్సవ్వ అంతకు రెండేళ్ల ముందే జ్వరంతో చనిపోయింది. పుస్తకంలో ఆ పిల్ల చివరి కొలత నూట పంతొమ్మిది. ఆ పేరుతో బడిలో ఇంకొకరు లేరు.

వాళ్లక్క లచ్చవ్వ మార్కెట్లో కూరగాయలు అమ్ముతుంది. కబురు పెడితే మధ్యాహ్నం వచ్చింది. గీత మీద అరచెయ్యి ఆనించి, పిల్ల తల నిమిరినట్టు చాలాసేపు నిలబడింది.

“గింత పొడుగైందా టీచర్? దాని ఫొటో ఒక్కటి గూడ లేదు మా ఇంట్ల. గిది తుడవనియ్యకు.”

అద్దం బిగించి ఉంచుదామని మ్యూజియం పని చూసే ఇంజనీరు ఒప్పుకున్నాడు. సాయిలు ఫోనుతో ఫొటో తీశాడు. గీతలు పడలేదు, గోడ తెల్లగానే వచ్చింది.

అక్కడితో ఆగాల్సింది. కింది పొరలో, ముందటేడు గీతల్లో కూడా నర్సవ్వ ఉందేమో చూడాలనుకున్నాను. ఒక మూల బెత్తెడు గోకమన్నాను.

“వద్దు టీచరమ్మా, పొర గుల్లబారింది. మొత్తం ఊడొస్తది.”

గోకమని గట్టిగా చెప్పాను. మొత్తం ఊడి, నేల మీద పొడైంది. కింది పొరలో ఇరవై తొమ్మిది గీతలు. పుస్తకంలోనూ ఇరవై తొమ్మిదే. నర్సవ్వ లేదు.

“నీ లెక్క తేలిందా టీచర్?” అంది లచ్చవ్వ. వంగి, పిడికెడు సున్నం కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

లెక్క ఇప్పటికీ తేలలేదు. ఆ రోజు పోయినవి: నిలువెత్తు సున్నం పొర ఒకటి, దాని మీది గీతలు ముప్పై రెండు. ముప్పై ఒకటి నా పుస్తకంలో ఉన్నాయి.