మేకల దొడ్డి గింజలు

పంజగుట్ట సందులో మూడో అంతస్తు మా ఆఫీసు, డాబా మీద నర్సరీ. ఊరి బయట చెట్టూ గడ్డీ పోయి రాళ్ళు తేలిన గుట్టలు ప్రభుత్వం వాళ్ళు మాకు అప్పగించేవారు. ఒకప్పుడు అక్కడే పెరిగిన నల్లతుమ్మ, చండ్ర, రేల, బోదగడ్డి మళ్ళీ బతికించడం మా పని. నేను వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, తెనాలి వైపు నుంచి వచ్చి, అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ఆ ఉద్యోగంలో చేరాను. హాస్టల్లో అందరూ సాఫ్ట్‌వేర్ కోర్సుల అమ్మాయిలే. గోళ్ళలో మట్టితో అన్నానికి కూర్చునేదాన్ని నేనొక్కదాన్నే. విత్తనాల గురించి మా ఆఫీసులో నాకంటే తెలిసినవాళ్ళు లేరని నా ధీమా.

ఆమె మా ఆఫీసు ఊడ్చి తుడిచేది. నాకంటే పదేళ్ళు పెద్ద. చిన్నప్పుడు మహబూబ్‌నగర్ వైపు పల్లెలో మేకలు కాసిందట. పెళ్ళయ్యాక కృష్ణానగర్ వచ్చింది. భర్త షూటింగుల్లో లైట్లు మోసేవాడు.

ఆ వేసవి మొదట్లో నా తుమ్మ గింజలు మొలవలేదు. వేడినీళ్ళలో నానబెట్టాను, గరుకు కాగితంతో రుద్దాను. మట్టి నింపిన సంచుల్లో వేస్తే వరసకి ఒకటో రెండో లేచాయి. ఆఫీసు నడిపే సార్ డాబా మీదికొచ్చి మొలకల్లేని సంచులు చూస్తుంటే, ఆమె బకెట్ కింద పెట్టి మాట కలిపింది.

"సార్, మేకల దొడ్ల ఏరిన గింజలు తెమ్మంటరా? మేక కాయ తిని, పండుకొని నెమరేస్తది. గింజ ఉమ్మేస్తది. గది మస్తు మొలుస్తది."

సార్ నావైపు చూశారు. నిజమేనని చెప్పక తప్పలేదు. పశువు కడుపులోకి పోయొచ్చిన గింజకు పెంకు మెత్తబడి త్వరగా మొలకెత్తుతుందని నేను పరీక్షలో ఒక పేజీ రాశాను. మంచి మార్కులే వచ్చాయి. దొడ్డి దగ్గరికి వెళ్ళి ఏరుకురావాలని మాత్రం నాకు తట్టలేదు.

తరువాతి సోమవారం ఆమె ఒక గుడ్డసంచి నిండా గింజలు తెచ్చింది. కొద్దిరోజుల్లోనే ఆమె వరసలన్నీ పచ్చబడ్డాయి. ఊడవడానికి ఇంకొకరిని పెట్టుకుని, నర్సరీ ఆమెకు అప్పజెప్పారు సార్. ఆ రోజు నుంచి ఆయన "అక్కా" అని పిలవడం మొదలుపెట్టారు. ఆఫీసంతా అక్కా అనేసింది. నేను మాత్రం "ఏమ్మా" దగ్గరే ఆగిపోయాను.

గుట్టమీద ఎక్కడ ఏ చెట్టు నాటాలో మూడు వారాలు కూర్చుని నేనొక మ్యాపు గీశాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిన్ని చెట్లు ఒద్దు సార్. గుట్ట మీదంత గడ్డి జాగ. వానలు సుత మునుపటి లెక్క పడ్తలేవు. గడ్డి ఉంటే మన్ను ఆగుతది, చెట్టు ఎనకొస్తది."

మళ్ళీ గీయమన్నారు సార్. గీశాను. గీస్తున్నంతసేపూ, ఎవరైనా ఆమెను ఒక్క మొక్క లాటిన్ పేరు అడిగితే బాగుండునని కోరుకున్నాను. ఎవరూ అడగలేదు. నర్సరీ చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆమె పక్కన నిలబడి ఫోటోలు దిగి వెళ్ళేవారు.

మే నెలలో ఆమె రెండు రోజులు సెలవు పెట్టింది.

"మా చెల్లె బిడ్డ పెండ్లి మేడమ్. జర నా సంచులకు సుత నీళ్ళు పట్టుండ్రి."

"అలాగే," అన్నాను.

మొదటి రోజు నా వరసలు తడిపి, ఆమె వరసల దగ్గరికొచ్చేసరికి కుళాయి కట్టేశాను. ఏమీ ఆలోచించకుండానే కట్టేశాను. రెండో రోజు ఆలోచించి కట్టేశాను. ఆ డాబా మీద చెప్పులు లేకుండా నిలబడలేనంత ఎండ.

ఆమె తిరిగొచ్చేసరికి సగం మొక్కలు తలవాల్చి మాడిపోయాయి. సంచుల్లో వేలు పెట్టి చూసింది. నా వరసల్లో కూడా పెట్టి చూసింది. సార్ వచ్చి ఏమైందని అడిగారు.

"ఎండ సార్," అంది.

"ఈ ఏడు ఎండలు అలాగే ఉన్నాయండీ," అని నేనూ అందుకున్నాను. అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆమె మళ్ళీ గింజలు తెచ్చి వేసింది. వాన ఆలస్యంగా వచ్చి, ఒకసారి కురిసి నెలంతా మొహం చాటేసింది. గుట్టమీద నేను పట్టుబట్టి నాటించిన రేల మొక్కల్లో చాలావరకు పోయాయి. ఆమె చల్లించిన బోదగడ్డి నిలిచింది, గడ్డి నీడన తుమ్మ నిలిచింది.

మరుసటేడు ఇంకో గుట్టకి అనుమతి కోసం ఆమే నేనూ ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసుకి వెళ్ళాం. ఫోటోలు చూసి అక్కడి అధికారి అడిగాడు:

"మంచిగ పెరిగినయి. ఎవరు చేసిండ్రు గిది?"

"మేడమూ నేనూ కలిసి చేసినం," అంది ఆమె, నన్నే ముందు పెట్టి. నా మొహం వేడెక్కింది. బయట వరండా బెంచీ మీద కూర్చున్నాక ఉండబట్టలేక చెప్పేశాను.

"ఆ పెళ్ళికి వెళ్ళినప్పుడు మీ మొక్కలకి నీళ్ళు పెట్టలేదు. కావాలనే."

"నాకెరుకే. మీయి తడిగున్నయి, నాయి బూడిద లెక్కున్నయి."

"మరి సార్‌కి చెప్పలేదేం?"

"చెప్తే మిమ్మల్ని తిడ్తడు. మొక్కలు లేస్తయా?" మెల్లగా అంది: "గాని మేడమ్, ఇగ నా మొక్కలు మీకు అప్పజెప్ప."

కోపంగా అనలేదు. అన్నట్టే చేసింది. ఇప్పుడు రెండో గుట్ట పని ఆమెది, నివేదికలు రాసే పని నాది. మొదటి పేరు ఆమెదే రాస్తాను. రాసేటప్పుడు ఇప్పటికీ లోపల ఏదో చురుక్కుమంటుంది. "అక్కా" అనడం కూడా నేర్చుకున్నాను. అంటే పలుకుతుంది, అడిగింది చెబుతుంది, తన డబ్బాలోంచి జొన్నరొట్టె విరిచి పెడుతుంది.

మొన్న వేసవిలో ఆమె మళ్ళీ సెలవు పెట్టింది. నేను డాబా మీదే ఉన్నాను. నన్ను దాటుకుంటూ వెళ్ళి, కింద ఉండే వాచ్‌మన్ ముసలి భార్యను పిలుచుకొచ్చి, ఏ వరసకి ఎంతసేపు నీళ్ళు పట్టాలో చెయ్యి పట్టి చూపించింది. ఆ ముసలమ్మ పైపు పట్టుకుని ఒక్కొక్క సంచీ తడుపుతుంటే, మెట్ల దగ్గర నిలబడి చూశాను. నాకు ఆ ముసలమ్మ మీద కడుపు మండిపోయింది.