నూనె మానేసిన ఇల్లు

2023 మొదట్లో మాట. తాండూరుకీ పెద్దేముల్‌కీ మధ్య ఒక ఊరి సర్కారు దవాఖానాలో నేను స్టాఫ్ నర్సుని. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లకు నెలనెలా మందులిచ్చి, రక్తం తీసి పరీక్షకు పంపడం నా పని. దాన్ని ఎన్‌సీడీ క్లినిక్ అంటాం, అంటే అంటుకోని జబ్బుల ఓపీ. నన్నడిగితే అవన్నీ వంటింట్లో అంటుకునే జబ్బులే.

అలా నెలనెలా వచ్చే చంద్రయ్య తాతకు పట్నంలో స్టెంటు వేసి ఏడాది కాలేదు. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం అది. బీడీ మానేశాడు, మాత్రలు తప్పేవాడు కాదు. అయినా రక్తంలో కొవ్వులు చూసే లిపిడ్ ప్రొఫైల్ చేయించిన ప్రతిసారీ ఎల్‌డీఎల్, చెడ్డ కొవ్వు, పెరిగే కనిపించేది. ఇలాగే ఉంటే ఇంకో నాళం పూడుకుపోతుందని మా డాక్టరుగారు అన్నారు. నాకు గుబులు పట్టుకుంది. శనగ కాసే రోజుల్లో వచ్చినప్పుడల్లా తువ్వాల్లో పచ్చి శనగకాయలు మూటగట్టి తెచ్చే మనిషి, ఆయనంటే నాకు ప్రాణం.

"తాతా, నిజం చెప్పు. బస్టాండ్ల మిర్చి బజ్జీలు తింటున్నవా?"

"నీ మీద ఒట్టు బిడ్డా. మా ఇంట్ల నూనె సుక్క లేదు."

పక్కనున్న ఆయన భార్య అనంతమ్మకు కోపమొచ్చింది. "పట్నం డాక్టరు నూనె తగ్గియ్యమన్నడు. నేను మొత్తానికే బందువెట్టిన. నమ్మకుంటే వచ్చి ఇల్లంత సూస్కో."

మార్చి ఎండలో ఆటో ఎక్కి వెళ్లాను. నిజంగానే నూనె సీసా లేదు. అవ్వ నన్ను పీట మీద కూర్చోబెట్టి, వేడి జొన్నరొట్టె వేసింది. రొట్టె మీద తెల్లటి ముద్ద కరుగుతోంది.

"గిదేంది అవ్వా?"

"వనస్పతి. నూనె గాదు గద, నెయ్యి లెక్క గట్టిగుంటది. ముసలాయనకు తాకత్ రావాలని జర ఎక్కువనే ఏస్తున్న. పప్పుల, కూరల గూడ గిదే."

రొట్టె పక్కన పెట్టేశాను. వనస్పతి కూడా నూనే, నెయ్యిలా కనపడేలా గట్టిపరిచిన నూనె. అందులో ఉండేది ఎక్కువగా సాచురేటెడ్ ఫ్యాట్, చల్లబడితే గడ్డకట్టే రకం కొవ్వు. గుండెకు అది మంచిది కాదు.

చెయ్యి కడుక్కోవడానికి వాకిట్లోకి వస్తే తాత వెనకే వచ్చి గొంతు తగ్గించాడు. "నాకు ఆ రుచి సయించదు బిడ్డా, నాలుకకు అంటుకుంటది. ముసల్ది గంత ఫికర్‌తోని పెడ్తుంటే ఎట్ల వద్దంట? నువ్వు జెప్పకు, దాని మనసు ఇరుగుతది."

చెప్పకపోతే ఆయన దక్కడు. చెబితే ఆమె తట్టుకోవాలి. వాకిట్లో ఆరబోసిన గింజలు కనిపించాయి. శనగ చేనులోకి పశువులు రాకుండా చుట్టూ వేసిన ముళ్ల కుసుమలవి. ఏటా అమ్మేస్తారట. నేను లోపలికి వెళ్లి అవ్వ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని వనస్పతి సంగతీ, తాతకు ఆ రుచి సయించని సంగతీ అంతా చెప్పాను.

"అయితే నా చేత్తోనే పెట్టిన్నా?"

"నీ తప్పు గాదవ్వా. తగ్గియ్యమని చెప్పినోళ్లం, ఏమేసి వండాల్నో చెప్పలే. ఈసారి ఆ కుసుమలు అమ్మకుండ్రి, నూనె పట్టియ్యుండ్రి. జరంతనే ఏస్తే ఆ నూనె గుండెకు మంచిది."

ఆమె నా మాట విన్నట్టే లేదు. భర్త వైపు తిరిగింది. "రుచి బాగలేదని ఒక్కనాడన్న అనకపోతివి."

"నువ్వు పెట్టినవు గద," అన్నాడాయన.

నాకు ఏడుపొచ్చింది. ఆ వారమే వాళ్లు తాండూరు గానుగలో కుసుమలు ఆడించుకొచ్చారు. కూరకు చిన్న గరిటెడు మించకుండా అవ్వ కాపలా కాసింది. మాత్రలూ సాగాయి. ఎల్‌డీఎల్ మెల్లగా దిగింది.

ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. దేశమంతా నూనె ఎంత అని అడుగుతాం, ఏ నూనె అని అడగం. పెళ్లి భోజనం నుంచి బిస్కెట్ పొట్లం దాకా మనం తినే కొవ్వు పేరే మనకు తెలియదు. అప్పటినుంచి నా దగ్గరికి ఎవరొచ్చినా, వండే మనిషిని ముందు కూర్చోబెడుతున్నాను.

మొన్న క్లినిక్‌లో ఒకామె, మేం నూనె మానేశామని గొప్పగా చెబుతోంది. నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీ మీద నుంచి అనంతమ్మ అడిగింది.

"మంచిగ జేసినవ్. మరి ఏమేసి వండుతున్నవ్ బిడ్డా?"