నేనేగారి చాక్లెట్ అగార్

మా మీడియా రూమ్ పెద్దాయనకు ఒకటే జబ్బు. లోకంలో ఏది జరిగినా అది తను చెప్పబట్టే జరిగిందంటారు. "నేనే చెప్పాను" అన్న మాట ఆయన నోటివెంట రోజుకు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టే ఓపిక కూడా మాకు పోయింది. వాన పడితే నేనే చెప్పాను. లిఫ్ట్ బాగైతే నేనే చెప్పాను. నాకు ఆడపిల్ల పుట్టిందని చెప్పబోతే, "నేనే చెప్పాను కదటయ్యా!" అన్నారు. నా భార్య మాత్రం ఆ సంగతి ఇప్పటికీ ఒప్పుకోదు. తన కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదనుకున్న ముసలమ్మ ఈయన పక్కన ఎంతో వినయం గల మనిషి. వెనకాల అందరం ఆయన్ను నేనేగారు అనేవాళ్ళం.

మీడియా రూమ్ అంటే పత్రికలవాళ్ళ గది కాదు. ఆసుపత్రి ల్యాబ్‌లో సూక్ష్మజీవులకు వంట చేసే గది. రోగి గొంతులోనో పుండులోనో చేరిందేమిటో తెలియాలంటే ముందు దాన్ని తిండిపెట్టి పెంచాలి. ఆ తిండే మీడియం. జెల్లీలా గడ్డకట్టే అగార్‌లో దాన్ని కలిపి గుండ్రటి ప్లేట్లలో పోస్తాం. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, వీటికి అడక్కుండానే అన్నీ అమర్చాలి. ఏది పెట్టినా తినే బుద్ధిమంతులకు న్యూట్రియెంట్ అగార్. కాస్త నాజూకు వాటికి గొర్రె రక్తం కలిపిన బ్లడ్ అగార్. ఆ రక్తాన్ని కూడా ఉడికించి పెడితేగాని ముట్టని మహారాజులకు చాక్లెట్ అగార్. దానికి చాక్లెట్ రంగే తప్ప చాక్లెట్ ఉండదు. పేగుల్లో పెరిగే కొన్ని రకాలను రానిచ్చి, మిగతావాటిని చాలావరకు గుమ్మంలోనే ఆపేసే మెకాంకీ ఇంకొకటి. పొద్దుటినుంచి ఈ వాసనల్లో నిలబడి, ఆవిరికి మేమూ సగం ఉడికి ఇంటికి వెళితే, ఇంట్లోవాళ్ళు స్నానం అయ్యేదాకా దగ్గరికి రానిచ్చేవారు కాదు. దానిమీద ఈయన.

ఒకసారి ఎవరో పెద్దమనిషి తలుపుమీద బోర్డు చూసి లోపలికొచ్చి, తన కొత్త దుకాణం ఫొటో పేపర్లో వేయించమన్నాడు.

"ఇది ఆ మీడియా కాదండీ," అన్నాను.

"రానీవయ్యా, నేనే రమ్మని చెప్పాను," అన్నారు నేనేగారు తల ఎత్తకుండా.

"మీరెప్పుడు చెప్పారండీ? నేను మిమ్మల్ని చూడటం ఇదే మొదలు!" అన్నాడా పెద్దమనిషి.

"చూడకపోతేనేం, వచ్చారుగా!"

అతను వదిలివెళ్ళిన ఆ ఫొటో చాలాకాలం మా ఫ్రిజ్ తలుపుమీద వేలాడింది.

ఇదంతా నవ్వుకోవచ్చు. కానీ ఎండలో పడి వచ్చి, నడుం పడిపోయేలా నిలబడి నేను పోసిన మెకాంకీ ప్లేట్లను మా ల్యాబ్ పెద్ద, డాక్టర్ మేడం మెచ్చుకున్నప్పుడు కూడా వెనకనుంచి "నేనే చెప్పాను" అని వినపడిందనుకోండి, ఒళ్ళు మండుతుందా మండదా? మండి మండి చివరికి నాకు ఆ ఓపికా పోయింది. ఊ కొట్టేవాణ్ణి.

అలాంటి రోజుల్లో మా గదికి ఒక టెక్నీషియన్ వచ్చింది. మా అందరికన్నా పెద్దది కాబట్టి అక్కయ్య అనేవాళ్ళం. చాలా ఏళ్ళు ఇంటిపట్టున ఉండి, భర్త ఉద్యోగం పోయాక మళ్ళీ పనిలో చేరింది. ఆ వారంతో ప్రొబేషన్ ముగుస్తుంది. మేడం సరే అంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఇంట్లో ఆ ఒక్క జీతమే ఆధారం.

ఆ రోజు పొద్దున బ్లడ్ అగార్ వంతు ఆమెది. ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లోంచి తీసిన అగార్ బాగా చల్లారాకే అందులో రక్తం కలపాలి. ఫ్లాస్కును చెంపకు ఆనిస్తే ఓర్చుకోగలిగేంత వేడే ఉండాలి. అక్కయ్య కంగారులో ముందే పోసేసింది. ఎర్రగా ఉండాల్సింది మా కళ్ళముందే గోధుమరంగుకు దిగిపోయింది. ఉన్నది ఒకే సీసా రక్తం. అక్కయ్య ముఖాన నెత్తుటి చుక్క లేదు. అదీ ఫ్లాస్కులోనే పోసేసిందేమో అనిపించింది.

"నా పని అయిపోయింది, తమ్ముడూ," అంది.

నేనేగారు వచ్చారు. ఫ్లాస్కును చూశారు, అక్కయ్యను చూశారు.

"సగం ఉడికింది దేనికీ పనికిరాదమ్మా. వేడినీళ్ళలో ఇంకాసేపు ఉంచి, ప్లేట్లలో పోసెయ్యండి," అన్నారు.

పోయడం పూర్తయ్యేసరికి మేడం వచ్చారు.

"గొంతు నమూనాలు వచ్చి కూర్చున్నాయి. బ్లడ్ అగార్ ఏదీ? ఇవేమిటి?"

అక్కయ్య నోరు తెరవబోయింది.

"చాక్లెట్ అగార్, మేడం. నేనే చెప్పాను," అన్నారు నేనేగారు.

"ఇన్నా?"

"దగ్గుల కాలం కదా, మేడం."

"ఉన్న ఒక్క సీసా రక్తమూ దీనికే పోశారా?"

"నేనే పొయ్యమన్నాను."

"మరి బ్లడ్ అగార్ సంగతి?"

"మధ్యాహ్నానికి ఉంటుంది. రక్తం తెమ్మని చెప్పాను."

"ఎవరికి?"

"నాకే."

మేడం అందరిముందూ ఆయన్ను కడిగేశారు. ఇన్నేళ్ళ అనుభవం ఏ గంగలో కలిపారని అడిగారు. ఆయన తల వంచుకుని విన్నారు. చివరికి ఆవిడ అక్కయ్యవంక ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"పోయిన నెల ఫ్రిజ్ తలుపు తెరిచి వదిలేసిందీ మీరే అన్నారు."

"నేనే, మేడం."

"ఆ రోజు మీరు సెలవులో ఉన్నారు."

"వెళ్ళేముందే చెప్పి వెళ్ళాను," అన్నారు.

మేడం పెదవులు బిగించుకున్నారు. "మధ్యాహ్నం వస్తాను. ప్లేట్లు సరిగ్గా లేకపోతే మాత్రం ఎవరి మాటా వినను," అని వెళ్ళిపోయారు.

నాకు అప్పుడు వెలిగింది. మంచి జరిగినప్పుడు ఆయన "నేనే" అంటే మాకు కడుపుమంట, అందుకే గుర్తుండేది. చెడ్డ జరిగినప్పుడూ అదే మాట అనేవారు. మన నెత్తిన పడాల్సింది పడకుండా పోతే ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఇన్నేళ్ళలో ఆయనమీద మొదటిసారి నాకు ప్రేమ పుట్టింది. అలసటవల్ల కాబోలు, కాస్త ఆలస్యమైంది.

ఆయన బస్సెక్కి ఇంకో ఆసుపత్రి ల్యాబ్‌కు వెళ్ళి, బతిమాలి ఒక సీసా రక్తం పట్టుకొచ్చారు. వగరుస్తూనే కొత్త ఫ్లాస్కు తీసి అక్కయ్య చేతికిచ్చారు.

"నావల్ల కాదు సార్. మీరే కలపండి," అంది అక్కయ్య.

"కాల్చుకుని కాల్చుకుని నా చెంప మొద్దుబారిందమ్మా. వేడి తెలియట్లేదు. నువ్వే చూడు."

అక్కయ్య ఫ్లాస్కును బట్టతో పట్టుకుని చెంపకు ఆనించింది.

"పొయ్యొచ్చా?" అన్నారాయన. ఆయన ఒకరిని అడగటం మేం వినడం అదే మొదలు.

"ఇంకా లేదు."

"ఇప్పుడో?"

"ఆగండి సార్! అలా పక్కకి నిలబడండి."

ఆయన నిజంగానే పక్కకి జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఫ్లాస్కు నెమ్మదిగా చల్లారింది. అక్కయ్య రక్తం కలిపి ప్లేట్లు పోసింది. అన్నీ ఎర్రగా, నున్నగా గట్టిపడ్డాయి.

మేడం వచ్చి ఒక ప్లేటు వెలుగులోకి ఎత్తి చూశారు.

"బాగున్నాయి. ఎవరు చేశారు?"

అందరం అలవాటుకొద్దీ నేనేగారి వంక తిరిగాం. ఆయన నోరూ అలవాటుకొద్దీ తెరుచుకుంది. "నే..." దాకా వచ్చింది. చేదుమందు మింగినట్టు గుటకవేసి, రెండుసార్లు దగ్గారు.

"ఆవిడే, మేడం. నన్ను పక్కకి నిలబడమని చెప్పింది కూడా ఆవిడే."

"నిలబడ్డారా?"

"నిలబడ్డాను."

మేడం ఇక నవ్వు ఆపుకోలేదు. "అయితే ఆవిణ్ణి ఉంచుకోక తప్పదు. మిమ్మల్ని పక్కకి నిలబెట్టగలిగిన మనిషి ఈ ల్యాబ్‌లో ఇంకెవరున్నారు?" అన్నారు.