మూడోసారి మార్చిన నూనె

మా అత్తగారు పోయిన నెలలో చనిపోయారు. పొద్దున్నే టీ తాగి, వరండాలో గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజీలు తుడుచుకుంటూ కూర్చున్న మనిషి అలాగే పక్కకి ఒరిగిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే ప్రాణం లేదన్నారు. నా భర్త నికోబార్ వెళ్ళే ఓడలో ఇంజిన్ రూమ్ మనిషి. ఆ ఓడ తిరిగొచ్చేదాకా ఆవిణ్ణి ఉంచాలి కాబట్టి మా తెలుగు చర్చి వాళ్ళు ఫ్రీజర్ పెట్టె పంపించారు. దాన్ని మోయించుకొచ్చిన సంఘపెద్ద గుమ్మంలో నిలబడి, కిందటేడు ఈ పెట్టె పాడైతే బాగుచేసింది ఆవిడేనమ్మా అన్నారు. నాకు తెలుసు. ఆ రోజు పక్కన స్పానర్ అందించింది నేనే. ఏడుస్తూనే పెట్టె మీద చెయ్యి వేసి చూశాను. చక్కగా చల్లబడుతోంది. అంత దుఃఖంలోనూ నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వమే ఇప్పుడు నా చేత ఇది రాయిస్తోంది.

ఆవిడ ఇక్కడే, పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టారు. తాతలు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడినవారు. పదో తరగతి అయ్యాక కుట్టుపని నేర్చుకుందామని ఐటీఐకి వెళితే అందులో సీట్లు అయిపోయాయట. ఖాళీగా ఇంటికి రావడం ఇష్టం లేక, ఏసీ, ఫ్రిజ్ రిపేరు క్లాసులో పేరు రాయించుకుని వచ్చారు. అందరూ మగపిల్లలే. మామయ్యగారు హోప్ టౌన్‌కి జనాన్ని దాటించే బోటు నడిపేవారు. భార్య మధ్యాహ్నం ఎవరి మేడమీద ఎండలో ఉంటుందో తెలియని సంసారం ఆయనది. అందుకని వంట ఆయనే నేర్చుకున్నారు. చేపల పులుసు నాకు నేర్పింది మామయ్యగారే.

నేను విశాఖపట్నం నుంచి కోడలిగా వచ్చాను. నా భర్త ఓడ ఎక్కాక ఇంట్లో ఏంచెయ్యాలో తోచక కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. వారం చూసి, ఓ పొద్దున్న ఆవిడ నా చేతికి పనిముట్ల సంచీ ఇచ్చారు.

"ఇంట్లో ఇలా కూకుంటే ఈ ఉప్పుగాలికి నువ్వూ తుప్పట్టిపోతావే. చలో, స్కూటరెక్కు."

అలా ఎక్కినదాన్ని మళ్ళీ దిగలేదు.

ఆవిడ పనితనం గురించి చెప్పాలంటే ముందు ఆవిడ చేసిన పొరపాటు చెప్పాలి. దాన్ని ఆవిడే అందరికీ చెప్పేవారు, కాబట్టి నేను దాచడం బాగుండదు. పాత ఏసీల్లో వాడే గ్యాస్ ఆకాశంలోని ఓజోన్ పొరకి చేటని దేశమంతా దాన్ని తగ్గిస్తూ వస్తోంది. ఓడల్లో మా దీవులకి రావడమూ తగ్గింది. పాత మెషిన్‌ని పారెయ్యలేనివాళ్ళు అందులోనే కొత్త రకం గ్యాస్ నింపించుకోవడం మొదలుపెట్టారు. ఊళ్ళో ఒక లాడ్జి యజమాని, ఆయనా తెలుగాయనే, తన పాత ఏసీకి అలాగే చెయ్యమన్నారు. అత్తగారు చేశారు. కొన్నాళ్ళు బాగా నడిచింది. తర్వాత ఉన్నట్టుండి కంప్రెసర్ బిగుసుకుపోయింది.

లాడ్జాయన ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. కరెంటు ఎక్కువతక్కువలై కాలిపోయి ఉంటుందని ఆయనే అన్నారు. ఇక్కడ ఏది కాలినా అందరం కరెంటునే అంటాం. అత్తగారు ఊరుకుంటే ఆ మాటతోనే సరిపోయేది. ఆవిడ ఆ కంప్రెసర్‌ని ఇంటికి తెచ్చి, గ్రైండర్‌తో కోసి చూశారు. లోపల చుక్క నూనె లేదు. కంప్రెసర్ నూనె గ్యాస్‌తో పాటు పైపుల్లో తిరిగి, మళ్ళీ కంప్రెసర్‌లోకే రావాలి. పాత నూనె కొత్త గ్యాస్‌తో కలవదు. కలవక, గదిలోపలి పైపుల్లోనే నిలిచిపోయింది. అత్తగారు గ్యాస్ మార్చారు కానీ నూనె మార్చలేదు.

ఆ సాయంత్రమే లాడ్జికి వెళ్ళారు. నేనూ వెంట ఉన్నాను.

"ఓల్టేజీ కాదు భయ్యా. గలతీ నాది. పాత నూనె తియ్యకుండా కొత్త గ్యాసేసీసేను," అన్నారు.

ఆయన కూర్చోమన్నారు. ఆవిడ కూర్చోలేదు. వేరే కంప్రెసర్ తెప్పించి తనే బిగిస్తానని చెప్పి వచ్చేశారు. బిగించారు కూడా. ఆ సాయంత్రం ఇంటికొచ్చే దారిలో స్కూటర్ నడుపుతున్న ఆ వీపుని చూస్తూ, ఈ ఇంటి కోడలిని అని నాలో నేను అనుకోవడం గుర్తు.

ఆ తర్వాత గ్యాస్ మార్చే పని గురించి దొరికిన ప్రతి కాగితమూ నా చేత చదివించుకున్నారు. దీవుల ఉత్తరాన డిగ్లీపూర్‌లో ఒక చిన్న ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చేనాటికి ఆవిడకి ఆ పని చేతికి వచ్చేసింది. ఆపరేషన్ గది ఏసీ గ్యాస్ కొంత కారిపోయి చల్లబడటం లేదు, మళ్ళీ నింపడానికి ఆ పాత గ్యాస్ దొరకడం లేదు. కొత్త ఏసీ ఓడలో ఎప్పుడొస్తుందో తెలియదు. అంతవరకూ ఆపరేషన్ కావలసిన వాళ్ళని పోర్ట్ బ్లెయిర్ పంపాలి. పొద్దున ఎక్కితే చీకటిపడేదాకా బస్సు.

ఆ బస్సులోనే మేము పైకి వెళ్ళాం, ఒళ్ళో నూనె డబ్బాలు పెట్టుకుని. కొత్త గ్యాస్‌తో కలిసే ఆ నూనె గాలిలోని తేమని పీల్చేసుకుంటుంది. మా దీవుల్లో గాలంతా తేమే. దారి కుదుపులకి ఒక డబ్బా మూత దగ్గర కారింది. దాన్ని అత్తగారు పక్కన పెట్టేశారు. "ఈ నూనెకి దాహం ఎక్కువే. ఇప్పటికే తాగేసుంటాది," అన్నారు. ఇక మిగిలినవి సరిగ్గా సరిపోవాలి.

ఆసుపత్రి వరండాలో నెలలు నిండిన ఒక అమ్మాయీ, తల్లీ బెంచీ మీద ఉన్నారు. బిడ్డ అడ్డం తిరిగి ఉంది, ఆపరేషన్ తప్పదన్నారు. బస్సెక్కి దక్షిణానికి పోవాలో, ఇక్కడే ఉండాలో తేల్చుకోలేక మమ్మల్ని చూస్తున్నారు. ఆ తల్లి అత్తగారి దగ్గరికొచ్చి హిందీలో అడిగింది, మెషిన్ బాగవుతుందా అని. బాగవుతుందని ఒక మాట అంటే ఆ తల్లి మనసు కుదుటపడేది. అత్తగారు మాత్రం, కల్ బతాఊంగీ దీదీ, రేపు చెప్తాను అన్నారు.

ముందు, మిగిలిన పాత గ్యాస్‌ని గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి లాగి, లీకు మూశాం. పాత నూనె దించి, కొత్తది పోసి, మళ్ళీ ఆ పాత గ్యాస్‌తోనే మెషిన్ నడిపాం, పైపుల్లో ఉన్న పాత నూనె కూడా కొట్టుకొచ్చేలా. మళ్ళీ దించి పోశాం. రెండోసారి తీసిన నూనెని పరీక్ష సీసాలో వేసి చూస్తే పాతది ఇంకా కలిసే ఉంది. డాక్టరుగారు మంచివారు, కానీ వరండాలోని అమ్మాయి ఆయన కళ్ళముందే ఉంది. ఇప్పటికి చల్లబడితే చాలదా, కొత్తది వచ్చేదాకా నడిస్తే చాలు కదా అన్నారు. అత్తగారు ఆయనకి లాడ్జి కథ మొత్తం చెప్పారు, తన తప్పుతో సహా. ఆపరేషన్ మధ్యలో అలా ఆగితే ఎలాగని అడిగారు. ఆయన సరే, కానివ్వండి అన్నారు.

బయట వాన. ఉన్నది ఒకే ఒక్క డబ్బా. మెషిన్ చుట్టూ టార్పాలిన్ కట్టించి, అన్నీ సిద్ధమయ్యాకే నన్ను మూత తియ్యమన్నారు. నేను తీశాను. ఆవిడ చుక్క ఒలకకుండా పోశారు.

మూడోసారి పోసిన నూనెతో మెషిన్ నడిపి, అందులోంచి తీసిన నాలుగు చుక్కలు పరీక్షలో నెగ్గాయి. పాత గ్యాస్ మొత్తం తీసేసి, ఫిల్టర్ మార్చి, లోపలి గాలీ తేమా పోయేదాకా వాక్యూమ్ పంపు నడిపి, కొత్త గ్యాస్ తూచి నింపాం. గది చల్లబడింది. అందరూ సంతోషించారు. అత్తగారు మాత్రం కంప్రెసర్‌కి ఉన్న చిన్న గాజు బిళ్ళ మీద టార్చి వేసి, స్టూలు లాక్కుని కూర్చున్నారు. అందులో నూనె మట్టం కనిపిస్తుంది. అది నెమ్మదిగా దిగింది. ఇంకా దిగింది. నేను ప్రార్థన చేసుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకి అది మెల్లిగా పైకి వచ్చి, ఉండాల్సిన చోట నిలబడింది. పోయిన నూనె తిరిగొచ్చింది.

ఆవిడ చేతులు కడుక్కుని, వరండాలోకి వెళ్ళి, ఆ తల్లి ముందు నిలబడ్డారు. "రుక్ జావో దీదీ. ఇక్కడే ఉండండి," అన్నారు. ఆ తల్లి ఆవిడ చేతులు పట్టుకుంది. అత్తగారి ముఖంలో అంత వెలుగు నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

మేము ఇంటికి చేరాక డాక్టరుగారు ఫోన్ చేశారు. ఆపరేషన్ అయింది, ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. అత్తగారు దేవునికి స్తోత్రం చెప్పి, ఆ వెంటనే మెషిన్ శబ్దం ఎలా ఉందని అడిగారు.

ఆ తర్వాత నుంచి శనివారం సాయంత్రాలు మా వరండా నిండిపోయేది. బెంగాలీలు, తమిళులు, రాంచీ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు, ఊళ్ళో మాకు పోటీగా షాపులు పెట్టినవాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు. అత్తగారు ఆ కోసిన కంప్రెసర్‌ని మధ్యలో పెట్టి, దీన్ని పాడుచేసింది నేనే అని పాఠం మొదలుపెట్టేవారు. మన గిరాకీ మనమే పోగొట్టుకుంటున్నామని మామయ్యగారు సణుగుతూ వాళ్ళందరికీ టీ పెట్టేవారు. ఏ మెషిన్‌కి ఏ గ్యాస్, ఏ నూనె పోశామో అట్టముక్క మీద రాసి దానికే అంటించడం వాళ్ళకి అలవాటు చేసింది ఆవిడే. "రేపొచ్చేవోడికి తెలవాల కదరా," అనేవారు. ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఏ మేడ ఎక్కినా, పాత మెషిన్ల మీద ఆ అట్టముక్కలు కనిపిస్తాయి. రాత ఒక్కొక్కరిది. అలవాటు మాత్రం ఆవిడది.

నా భర్త ఓడ వచ్చాక, మధ్యాహ్నం మూడుకి అత్తగారిని సమాధి చేశాం. పాటలు అయిపోయి, బంధువులు వెళ్ళిపోయారు. మెకానిక్‌లు మాత్రం పనిబట్టల్లోనే వచ్చి చివరిదాకా నిలబడ్డారు. ఎండ మండిపోతోంది. అలాంటి రోజున ఊరంతా వాళ్ళకోసమే చూస్తూ ఉంటుంది. ఒకరి జేబులో ఫోన్ మోగింది, తర్వాత ఇంకొకరిది. ఒక్కొక్కరే పిడికెడు మట్టి వేసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, గేటు బయటికి నడిచారు. స్కూటర్లు స్టార్టయ్యాయి. వెనక సీట్ల మీద తాళ్ళతో కట్టిన గ్యాస్ సిలిండర్లు ఎండలో మెరుస్తూ ఒకదాని వెనక ఒకటి ఎత్తురోడ్డు ఎక్కి, మలుపు దగ్గర ఒకటి కుడికీ, ఒకటి ఎడమకీ తిరిగి, ఊళ్ళోకి వెళ్ళిపోయాయి.