సార్ చుక్క

ఆ ప్రయోగశాలలో ఆమెను అందరూ మొండిఘటం అనేవారు. ఆ పేరు పెట్టింది గైడు సారే. ఆమె నొచ్చుకోకపోగా, బిరుదుకు తగ్గట్టే నడుచుకుంది.

అక్కడ పని ఒక రకం బ్యాక్టీరియాలోని కొవ్వులను విడదీసి చూడటం. కొవ్వును క్లోరోఫాంలోకి లాగి, తెల్లపూత పూసిన గాజుపలక అడుగున చుక్క పెట్టి, పలకను ద్రావకంలో నిలబెడతారు. ద్రావకం పైకి పాకుతూ ఒక్కో కొవ్వును ఒక్కో ఎత్తున వదిలేస్తుంది. అయొడిన్ ఆవిరి పట్టిస్తే గోధుమరంగు చుక్కలు బయటపడతాయి. అన్నిటికన్నా పైనుండేది సార్ చుక్క. మరే బ్యాక్టీరియాలోనూ లేని కొవ్వని వయసులో ఉండగా ప్రకటించి ఆయన పేరు తెచ్చుకున్నది దానితోనే. ఆ చుక్క చూపించనిదే ఎవరి థీసిస్ మీదా సంతకం పెట్టరు.

ఈమెకు చుక్క రాలేదు. మళ్లీ చేసినా రాలేదు. చెయ్యి తిరగలేదమ్మా అని సార్ పెదవి విరిచారు. ఇంట్లో అక్కేమో, అందరికీ వచ్చేది నీకే ఎందుకు రాదే, ఏదో ఒకటి చూపించి బయటపడు అని చీవాట్లు పెట్టింది.

ఆమెకు ఒళ్లు మండింది. తేడా ఎక్కడుందా అని మిగతావాళ్ల బల్లలు చూసింది. కడిగే బాధ ఉండదని సార్ అలవాటు చేసిన ప్లాస్టిక్ గొట్టాల్లోనే అంతా క్లోరోఫాం పోస్తున్నారు. ఈమెవి గాజువి. క్లోరోఫాం ప్లాస్టిక్‌ను ఊరికే వదలదు, అందులోంచి కూడా ఎంతో కొంత లాగుతుంది. బ్యాక్టీరియా లేకుండా ఉత్త క్లోరోఫాంను ప్లాస్టిక్ గొట్టంలో ఉంచి, దాన్నే పలకెక్కించింది. పైన, సరిగ్గా సార్ చుక్క ఉండే ఎత్తునే, ఒకే ఒక్క చుక్క వచ్చింది.

సార్‌కు చెబితే తలుపు దగ్గరికి వేశారు. ఆ సంగతి మరిచిపోయి, అందరిలాగే ప్లాస్టిక్‌లో చేసుకు రమ్మన్నారు. సంతకం వెంటనే పెడతానన్నారు. ఆయన మొహం చూస్తే ఆమెకు జాలేసింది. జాలిపడి ఒప్పుకుంటే తనను తాను ఎప్పటికీ క్షమించుకోలేనని కూడా తెలుసు.

సెమినార్‌లో ఆమె తెర మీద పలక ఫొటో చూపించింది. ముందు వరసలో కూర్చున్న సార్ పై చుక్కను చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఎట్టకేలకు చెయ్యి తిరిగిందని పక్కవాళ్లతో అన్నారు.

"ఇందులో బ్యాక్టీరియా లేదు సార్," అందామె. "ఉన్నది మన గొట్టమే."

ఆయన లేచి నిలబడ్డారు. "నీ థీసిస్ మీద సంతకం ఎవరు పెడతారనుకుంటున్నావ్?"

"మీరు పెట్టకండి సార్. మీ సంతకం కోసం లేని కొవ్వును బ్యాక్టీరియా ఒంట్లో పెట్టలేను."

ఆ డిగ్రీ ఆమెకు ఇప్పటికీ రాలేదు. ఎవరైనా అయ్యో అంటే మాత్రం ఊరుకోదు. రానిది డిగ్రీ ఒక్కటే కదా అంటుంది.